నల్ల టేపు ముక్క

ఎండలో పలకదండీ, అంది కెజియా.
రాత్రి కూటాల్లో బాగానే ఊగుతుంది,
ఆదివారం పొద్దున్న ఆరాధనకి మాత్రం
స్వరం కర్రలా బిగుసుకుపోద్ది.

నరసాపురం రేవు పక్కన నా కొట్టు.
చెరువుల ఏరేటర్ స్టార్టర్లు, చేపల కాటాలు,
ఉప్పుగాలి తినేసిన ప్రతి స్విచ్చూ ఇక్కడికే వస్తుంది.
గిటారు పెడల్ రావడం ఇదే మొదలు.
అరచేతిలో పట్టే రేకు పెట్టె. పైన రెండు నాబులు,
ఒకటి వేగానికి, ఒకటి లోతుకి.

మూత విప్పితే లోపల రెండు దారులు.
ఒక దారిన పాట పోతుంది,
తీగ నుంచి బయల్దేరి నాలుగు మజిలీలు దాటి స్పీకరుకి.
రెండో దారిలో పాటే లేదు.
అక్కడ ఒక కెపాసిటర్ నిండుతుంది, ఖాళీ అవుతుంది,
సెకనుకి ఐదు సార్లు,
ఎవరికీ వినపడకుండా.

ఈ పని నాకు తెలుసు.
మా నాన్న కాలవ లాకుల మీద లస్కరు.
తలుపులు మూస్తే గదిలో నీళ్లెక్కేవి,
గోడ మీది గీత తాకగానే మర తిప్పేవాడు.
దిగేవి. కింది గీత తాకితే మళ్లీ తిప్పడం.
ధాన్యం బస్తాల మీద నిద్రపోయే పడవవాడికి
తనని ఎత్తిందీ తెలీదు, దించిందీ తెలీదు.
ఈ పెట్టెలో మా నాన్న ఎనిమిది కాళ్ల చిప్పు.
వేగమంటే తూము ఎంత తెరిచామని,
లోతంటే ఆ ఎక్కిదిగడంలో
పాట దాకా ఎంత పంపామని.

పంపడానికి తీగ లేదు మళ్లీ.
మధ్యలో గోరంత బల్బు ఒకటి
పెరుగుతూ తరుగుతూ వెలుగుతుంటే
చుట్టూ కూర్చున్న నాలుగు కళ్లు
పాటకి దారి వదుల్తాయి, దారి బిగిస్తాయి.
వెలుగు పడితే చటుక్కున వదుల్తాయి గానీ
చీకటి పడితే తాపీగా బిగుస్తాయి.
ఊపులో అందమంతా ఆ తాత్సారంలోనే ఉంది.
మా రేవులో పోటూ అంతే,
ఎక్కేటప్పుడు తొందర, తీసేటప్పుడు బద్ధకం.

మీటరు పెట్టాను. తొమ్మిది వోల్టులూ ఉన్నాయి.
ముల్లు బుద్ధిగా తలూపుతోంది.
బల్బు బాగుంది, చిప్పు బాగుంది,
ఒక్క పాటే బాగాలేదు.
గంటన్నర. టీ రెండు సార్లు.

అప్పుడు కరెంటు పోయింది.
బ్యాటరీ స్పీకరులో, ఊరికే,
ఊసుపోక కెజియా మీటిన తీగ
ఊగింది.
మళ్లీ మీటింది. మళ్లీ ఊగింది.
ఇద్దరం మాట్లాడలేదు.
కరెంటొచ్చి ట్యూబులైటు రెండు సార్లు కొట్టుకుని వెలిగింది,
స్వరం బిగుసుకుంది,
పైగా అడుగున సన్నటి జోరీగ రొద.

ఎడాప్టర్ వైరు కోసమని వాళ్లన్న
డ్రిల్లుతో పెట్టిన కన్నం పక్కనే ఉంది.
ఆ దెబ్బకే ఊడిపోయుంటుంది
బల్బు మీద బోర్లించిన నల్లటి టోపీ.
నువ్వు గుళ్లో ఎక్కడ కూర్చుంటావమ్మా?
తూర్పు కిటికీ పక్కనండి.
సరిపోయింది.
నాలుగు కళ్ల చుట్టూ ఎండే ఉంటే
గోరంత బల్బు ఎంత మొత్తుకుంటే మాత్రం
ఏం కనపడుద్ది వాటికి?

వెలుగు ఎక్కువైందన్న మాట
మా అయ్యగారి దగ్గర మాత్రం అనకండి బాబూ,
అని నవ్వింది పడీపడీ.

సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి టోపీ చేశాను.
కన్నానికి నల్ల టేపు, రెండు చుట్లు.
లైటు కింద పెట్టి వేగం బాగా తగ్గించి
అడుగు తీగ ఒక్కటే మీటింది, కళ్లు మూసుకుని.
కాటా బాగుచేయించుకోడానికి వచ్చిన పైడికొండలు
బీడీ వెలిగించడం మర్చిపోయాడు.

టేపుకి పది చాలన్నాను. ఇరవై పెట్టేసి
చిల్లరకి ఆగకుండా పరిగెత్తింది
సఖినేటిపల్లి పంటు కూతేస్తుంటే.

కొట్టు కట్టేముందు ట్యూబులైటు ఆర్పి
కాసేపు అలాగే కూర్చున్నాను.
నీళ్లు ఏడో మెట్టు దాకా వచ్చి ఆగాయి.
తీయడానికి చాలాసేపు పట్టింది.